మోబీ డిక్ (1956): చచ్చిన కెప్టెన్ చెయ్యి ఇంకా కండ్ల ముందరనే ఊగుతాంది, ఎందుకు?

భద్రకాళి_కట్ట
రెండు ప్రశ్నలు. గ్రెగరీ పెక్ చేసిన మోబీ డిక్ చిన్నప్పుడు చూసినోళ్లకు కథ మర్చిపోయినా ఒక్క బొమ్మ మటుకు పోదు. తన కాలు కొరికేసిన తెల్ల తిమింగలం మోబీ డిక్ మీద పగతోని పోయి, దాని పక్కకే తాళ్లల్ల చిక్కి చచ్చిన కెప్టెన్ ఆహాబ్, అది మునిగి లేచినప్పుడల్లా ఆయన చెయ్యి రమ్మని పిలిచినట్టు ఊగుడు. హన్మకొండ నుంచి గీత గీసినట్టు పోయినా సముద్రం రెండొందల యాభై కిలోమీటర్లు. అల అంటే చెరువుల గాలికి లేసే ముడతే అనుకునే పోరగాండ్లకు అది అంత లోతుకు ఎట్ల దిగింది? ఏం చేసి దింపిండ్రు?
రెండోది. ఇంట్ల బిడ్డకు తొమ్మిదేండ్లు, చూపిద్దామనుకుంటున్న. రెండు కాపీలు దొరికినయి. ఒకదాంట్ల నీలం ఆకాశం, ఎర్రటి మొహాలు, ధగధగ. రెండోదాంట్ల అంతా బూడిద పూసినట్టు వెలిసిపోయి ఉంది. ఏది ఖరాబైంది?

కార్బన్_ఆర్క్
ధగధగ మెరిసేదే ఖరాబు. బూడిద పూసినట్టున్నదే అసలు.
డైరెక్టర్ జాన్ హ్యూస్టన్, కెమెరామన్ ఆస్వాల్డ్ మోరిస్ కావాలని చేసిన పని అది. తిమింగల వేట మీద పాతకాలపు చెక్కుడు అచ్చు బొమ్మలుంటయి, ఆ తీరు రావాలని. టెక్నికలర్ ప్రింటు అప్పుడు ఫోటో కడిగినట్టు కడిగేది కాదు, అద్దకం. మూడు అచ్చు ఫిల్ములు ఒకటి పసుపు, ఒకటి మెజెంటా (ముదురు గులాబీ), ఒకటి సయాన్ (ఆకాశనీలం) తాగి వచ్చి ఖాళీ ఫిల్ము మీద ఒకదాని మీద ఒకటి దిగుతయి. బట్ట మీద బ్లాకులు గుద్దినట్టే. ఒక్కటి వెంట్రుకంత జరిగినా అంచులు రెండు రెండు కనబడుతయి. వీళ్లు ఆ మూడు రంగులకు తోడు నాలుగోదిగా బ్లాక్ అండ్ వైట్ బొమ్మ గూడ దించిండ్రు. అందుకే నీడ చిక్కగ, రంగు పల్చగ.
తర్వాత టీవీకి, క్యాసెట్లకు తీసిన కాపీలల్ల ఆ నాలుగో పొర లేదు. ఎందుకంటే అది నెగెటివ్‌ల ఉండదు, ప్రింటుల పుట్టేది. నెగెటివ్ నుంచి నేరుగ తీస్తే మామూలు రంగుల సినిమానే బయటికొస్తది. 2016ల వచ్చిన బ్లూరేల ఆ రూపాన్ని మళ్ల కట్టిండ్రు.

జమ్మికుంట_జోకర్
అంటే ఇన్నేండ్లు టీవీల రంగు పెంచుకుంట కూసున్నోళ్లందరు హ్యూస్టన్‌కు ద్రోహం చేసిండ్రన్నట్టు.

రెండో_రీలు
నాకు సముద్రం గులాబీ రంగుల గుర్తుంది. బూడిద కాదు, నీలం కాదు. కలనా?

కార్బన్_ఆర్క్
@రెండో_రీలు కల కాదు తమ్మీ. ఈస్ట్‌మన్ తరహా, అంటే ఫోటో లెక్క కడిగే ప్రింటు పాతబడితే అన్నిటికంటే ముందు సయాన్ రంగు చస్తది. అది పోతే నీలం, ఆకుపచ్చ పోయి మిగిలేది ఎరుపే. ఎండాకాలం రేకుల కింద డబ్బాలల్ల పెట్టిన ప్రింటుకు ఇంకా తొందరగ వస్తది ఆ రోగం. టెక్నికలర్ అద్దకం ప్రింటుకు రాదు, ఆ రంగులు గట్టివి. నువ్వు చూసింది తర్వాత కొట్టిన కాపీ అయ్యుంటది.

అక్షరాల_అక్క
రంగు సంగతి సరే. ఆ చెయ్యి గుండెల్లో దిగడానికి కారణం రంగు కాదు, కథలో ముందే నాటిన విత్తనం. ఓడ ఎక్కకముందు రేవులో ఎలైజా అనే పిచ్చివాడి లాంటి మనిషి, కథ చెప్పే నావికుడు ఇష్మాయెల్‌ను ఆపి జోస్యం చెబుతాడు. నేల కనబడని చోట నేల వాసన వస్తుంది, ఆ రోజు ఆహాబ్ చస్తాడు, గంటలోపు లేచి చెయ్యి ఊపి పిలుస్తాడు, ఒక్కడు తప్ప అందరూ వెంట పోతారు. ఇది సినిమా మొదట్లోనే మన చెవిన పడేస్తారు. ఆ తర్వాత గంటకు పైగా వేట, తుఫాను, గాలి లేని రోజులు. మర్చిపోతాం. చివర్లో సముద్రం మధ్య నేల వాసన వస్తోందని అనగానే కడుపులో ఏదో కదులుతుంది, అది ఎక్కడ విన్నామో పిల్లలకు వెంటనే తట్టదు. తట్టేసరికి చెయ్యి ఊగుతోంది.
ఇంకో మాట. 1851 నాటి మెల్విల్ నవలలో ఆహాబ్ అలా కనబడడు. తిమింగలానికి కట్టుకుపోయి తేలేది ఫెదల్లా అనే పార్సీ. ఆహాబ్ మెడకు తాడు పడి క్షణంలో నీళ్లలోకి పోతాడు, శవం కూడా కనబడదు. స్క్రీన్‌ప్లే రాసిన రే బ్రాడ్‌బరీ, హ్యూస్టన్ కలిసి ఫెదల్లాను పూర్తిగా తీసేసి ఆ చావును కెప్టెన్‌కే ఇచ్చారు. నవలను మార్చినందుకు తిట్టేవాళ్లు చాలామంది, కానీ ఈ ఒక్క మార్పుకు నేను దండం పెడతాను.

లేత్_మిషన్
అక్క చెప్పింది సగం. మిగతా సగం పనిముట్ల సంగతి. ఆ సీనుల పెక్ బదులు బొమ్మను పెడితే తెలిసిపోయేది. పెక్‌నే కట్టిండ్రు. స్టూడియో నీళ్ల తొట్టిల గిరగిర తిరిగే తిమింగలం ముక్క, దానికి మనిషి, మీదికెల్లి నీళ్ల ధార. ముక్క తిరిగినప్పుడు మనిషి నీళ్ల కిందికి పోయి అటు పక్క నుంచి లేస్తడు. నడుము, కాళ్లు బిగించి చెయ్యి ఒక్కటి విడిచిపెట్టుడే అసలు కిటుకు. నీళ్లల్లకు పోయేటప్పుడు నీటి ఒత్తిడికి చెయ్యి ఎనుకకు పోతది, పైకి లేసినంక బరువుకు ముందుకు పడ్తది. వెరసి పిలిచినట్టు. రెండు చేతులు కడితే శవం, ఒకటి విడిస్తే పిలుపు.
పెద్ద తిమింగలాన్ని ఇంగ్లండుల స్టోక్-ఆన్-ట్రెంట్‌ల డన్‌లప్ కంపెనీ చేసింది. పొడుగు 75 అడుగులు.

జమ్మికుంట_జోకర్
టైర్ల డన్‌లపేనా? పంచరైతే అతికించనీకి ఓడ ఎంట సైకిల్ షాపు గూడ పోయిందా?

లేత్_మిషన్
ఆ డన్‌లపే. పంచర్ కాదు, లాగే తాడు తెగి సముద్రంల కొట్టుకపోయింది. వేల్స్‌ల ఫిష్‌గార్డ్ దగ్గర తీస్తుంటే. అంత పొడుగు వస్తువును పడవకు కట్టి అలల మీద గుంజితే అల లేసినప్పుడు తాడు వదులైతది, పడ్డప్పుడు ఒక్కసారి జర్కు తింటది. ఆ జర్కే తాడును తెంపేది, బరువు కాదు. మన దగ్గర ట్రాక్టర్ తోని చెడిపోయిన లారీని గుంజేటోళ్లకు ఎర్కనే.

సౌండు_పెట్టె
అయినా కొన్ని షాట్లల్ల బొమ్మ అని తెలుస్తనే ఉంటది కదా. పెద్దయినంక చూస్తే నవ్వొస్తది.

లేత్_మిషన్
తెలుస్తది, ఒప్పుకుంట. చిన్న నమూనాలు వాడిన షాట్లల్ల దొరికిపోతది. కారణం నీళ్లు. ఓడను పదహారో వంతుకు తగ్గించొచ్చు, నీటి బొట్టును తగ్గించలేవు. తెరమీద ఒక్కో బొట్టు మనిషి తలకాయంత కనబడ్తది. కదలిక బరువుగా కనబడాలంటే కెమెరా వేగం పెంచాలె, ఎంతంటే తగ్గించిన కొలతకు వర్గమూలం అంత. పదహారో వంతు నమూనా అయితే నాలుగు రెట్లు, అంటే సెకనుకు 24 బదులు 96 ఫ్రేములు. అట్ల తీసి 24ల ఆడిస్తే అల మెల్లగ, బరువుగ పడ్తది. లెక్క సరిగ్గ చేసినా బొట్టు సైజు మటుకు మోసం చెయ్యనియ్యదు. అందుకే పెద్ద సైజు బొమ్మకు అంత ఖర్చు పెట్టుకున్నది.

పాకాల_పక్షి
75 అడుగులు అంటే 23 మీటర్లు, మోబీ డిక్ జాతి అయిన స్పెర్మ్ తిమింగలానికి ఎక్కువ. మగది మామూలుగా 16 మీటర్ల దాకా పెరుగుతుంది. పళ్లు కింది దవడకే బయటికి కనబడతాయి, పై దవడలో అవి దిగడానికి గుంతలుంటాయి. ముక్కు రంధ్రం ఒక్కటే, తల చివర ఎడమ పక్కన. అందుకే దాని ఊపిరి చిమ్ము నిట్టనిలువుగా లేవదు, ముందుకు ఎడమకు వాలి లేస్తుంది. తెరచాప కొయ్య మీద కూర్చున్న కాపలావాడు మైళ్ల దూరం నుంచే ఆ వాలు చూసి ఇది స్పెర్మ్ తిమింగలమే అని చెప్పగలిగేది అందుకే.

రెండో_రీలు
ఓడను గుద్ది ముంచుడు నిజమా, సినిమా ముచ్చటనా?

పాకాల_పక్షి
నిజం. 1820 నవంబరు 20న ఎసెక్స్ అనే ఓడను, అమెరికాలోని నాన్‌టకెట్ దీవిది, పసిఫిక్‌లో స్పెర్మ్ తిమింగలం రెండుసార్లు గుద్ది ముంచింది. ఇరవై మందిలో బతికి బయటపడింది ఎనిమిది మంది. మెల్విల్‌కు ఆ సంగతి తెలుసు. 1851లో నవల అచ్చయ్యే ఏడాదే యాన్ అలెగ్జాండర్ అనే ఇంకో ఓడ కూడా అట్లాగే పోయింది.

ఓరుగల్లు_శాసనం
భద్రకాళి_కట్ట గారూ, మనకు సముద్రం లేదన్న మాట దగ్గర చిన్న అడ్డు. కాకతీయులకు మోటుపల్లి రేవు ఉండేది. అక్కడ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం ఉంది. తుఫానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును అంతకు ముందు రాజులు లాక్కునేవారు. ఇకమీదట అట్లా జరగదు, ముప్పైలో ఒక వంతు సుంకం తప్ప ముట్టుకోం అని వర్తకులకు హామీ. ఓడ మునిగితే మనిషికి ఏమవుతుందో ఓరుగల్లులో కూర్చుని ఆలోచించినవాళ్లున్నారు.

జమ్మికుంట_జోకర్
ఆహాబ్ మోటుపల్లికి వస్తే నూనె పీపాలల్ల ముప్పైల ఒక వంతు కట్టి పోవాల్సొచ్చేది. తిమింగలాన్ని మర్చిపోయి సుంకపోని ఎంబడి పడేటోడు.

సౌండు_పెట్టె
ఇగ చెవుల సంగతి. భయం మొదలయ్యేది తిమింగలం తోని కాదు, అడుగుల చప్పుడు తోని. ఆహాబ్ మొహం చానాసేపటి దాకా చూపియ్యరు. సత్రంల కూసున్నోళ్లకు కిటికీ బయట, పోయిన కాలు జాగల పెట్టుకున్న దంతం కాలు టక్కుమని కొట్టుకుంట పోయే సప్పుడు, తర్వాత రాత్రిపూట ఓడల కింద పండుకున్నోళ్లకు నెత్తి మీద అదే సప్పుడు. ఒక కాలు మెత్తగ, ఒక కాలు గట్టిగ. పిల్లల చెవికి ఆ తేడా వెంటనే పడ్తది. మొహం వచ్చేసరికే మనసుల మనిషి తయారైపోయిండు.
ఇంకో ముచ్చట. మన పాత టీవీ పద్ధతి పాల్, సెకనుకు 25 ఫ్రేములు. సినిమా 24. టీవీలకు వేసేటప్పుడు మామూలుగా 24ను 25 లెక్కన ఉరికిస్తరు. 116 నిమిషాల సినిమా 111 నిమిషాలల్ల అయిపోతది, గొంతులు ఇంచుమించు ముప్పావు అర్ధస్వరం పైకి పోతయి. పెక్ గొంతు బరువే సగం సినిమా. కాబట్టి నిడివి చూడు: 111 ఉంటే పక్కన పెట్టు, 116 దగ్గర ఉంటే మంచిది.

భద్రకాళి_కట్ట
చూసిన. ధగధగది 111, బూడిదది 115 చిల్లర. నిర్ణయం అయిపోయినట్టే. మరి సీను ఎందుకు దిగిందో మీలో మీకే కుదురుతలేదు: ఒకరు జోస్యం అంటరు, ఒకరు చెయ్యి అంటరు, ఒకరు సప్పుడు అంటరు.

ముల్కనూరు_మాటకారి
మూడు కాదు. స్టార్‌బక్, ఓడల ఆహాబ్ తర్వాతి అధికారి. సినిమా మొత్తంల బుద్ధి ఉన్న మనిషి ఆయన ఒక్కడే. వేట మన బతుకుదెరువు, పగ కాదు అంటడు. ఒకసారి ఆహాబ్ మీద తుపాకి గూడ ఎక్కుపెడ్తడు, కాల్చలేడు. అసొంటి మనిషి, చచ్చిన ఆహాబ్ చెయ్యి ఊగుడు చూసి, వెనుకకు పోదామన్నోళ్లను ఆపి తిమింగలం మీదికే పోనియ్యమంటడు. పిల్లలకు భయమైతది అక్కడ. చెడ్డోడు చచ్చిండు, ఇగ ఇంటికి పోతరు అనుకున్న టైముకు మంచోడు మారిపోయిండు.

అక్షరాల_అక్క
@ముల్కనూరు_మాటకారి ఇది నేను కాదనను. నవలలో స్టార్‌బక్ చివరి రోజు ఓడ మీదే ఉండిపోతాడు, పడవ ఎక్కడు. అక్కడ కూడా సినిమా వాళ్లే మార్చారు. కానీ జోస్యంలో "ఒక్కడు తప్ప అందరూ" అన్నది ముందే ఉంది కాబట్టే స్టార్‌బక్ మారడం మనకు అన్యాయంగా కాక తప్పనిదిగా అనిపిస్తుంది. అంటే మళ్లీ నా విత్తనమే.

ముల్కనూరు_మాటకారి
విత్తనం నీదే అక్కా, పంట నాది.

కార్బన్_ఆర్క్
వాదన బాగనే ఉంది గని గాలి లేని రోజుల ముక్కను ఎవరు ముట్టుకుంటలేరు. ఇష్మాయెల్ దోస్తు క్వీక్వెగ్ ఎముకలేసి తన చావు చూసుకొని, వడ్రంగి తోని శవపేటిక చేపిచ్చుకొని, కదలకుండ మెదలకుండ కూసునే ముక్క. ఓడ కదలదు, తెరచాప కదలదు, మనిషి కదలడు. ఎండ మటుకే. పెద్ద అలల సీన్ల కంటే ఇక్కడ బూడిద రంగు ఎక్కువ పనిచేస్తది, తెరమీద నీళ్లు సీసం లెక్క కనబడ్తయి. ధగధగ కాపీల ఇదే చోట సముద్రం సెలవులకు పోయిన బీచి లెక్క ఉంటది.

పాకాల_పక్షి
తుఫానులో కొయ్యల చివర్లు, ఆహాబ్ హార్పూన్ (తాడు కట్టి విసిరే ఈటె) ఆకుపచ్చగా వెలిగే ముక్క చూసి బిడ్డ అడుగుతుంది, సిద్ధంగా ఉండండి. సెయింట్ ఎల్మో అగ్ని అంటారు, మంత్రం కాదు. ఉరుము మబ్బు కింద విద్యుత్ ఒత్తిడి బాగా పెరిగినప్పుడు మొనదేలిన వస్తువుల కొసల దగ్గర గాలి వెలుగుతుంది. నిజంగా అయితే నీలం, ఊదా కలిసిన రంగు, గాలిలో నైట్రోజన్ వల్ల. ఆకుపచ్చ సినిమా వాళ్ల సొంతం.

సౌండు_పెట్టె
తొమ్మిదేండ్లకు ఎక్కువైతదేమో. పన్నెండు దాటనియ్యి.

ముల్కనూరు_మాటకారి
పన్నెండు దాటితే ఫోన్ చూసుకుంట చూస్తది. ఇప్పుడే చూపియ్యాలె.

పాకాల_పక్షి
వయసు సంగతి తల్లిదండ్రుల ఇష్టం, కానీ ఒకటి ముందే చెప్పి చూపించండి. వేట సీన్లలో కొన్ని నిజమైనవి. మదీరా దీవుల దగ్గర అక్కడి వేటగాళ్లు నిజం తిమింగలాలను వేటాడుతుంటే తీసిన షాట్లు కలిపారు. నీళ్లు ఎర్రబడేది కొన్నిచోట్ల రంగు కాదు, నెత్తురే. తెల్ల తిమింగలం రబ్బరుదని తర్వాత చెబితే పిల్లలు నవ్వుతారు, ఇది మటుకు తర్వాత తెలిస్తే మోసపోయాం అనుకుంటారు. ఇప్పుడు వ్యాపారం కోసం వేట ఆపాలని 1982లోనే అంతర్జాతీయ తిమింగల కమిషన్ తీర్మానించిందని కూడా చెప్పండి. ఆ ప్రశ్న తప్పకుండా వస్తుంది.

లేత్_మిషన్
వేట సీన్లు అర్థం కావాలంటే పడవ పని ముందుగాల చెప్పు, లేకుంటే అంతా ఆగమాగం కనబడ్తది. పడవ సుమారు 28 అడుగులు, రెండు కొసలు మొనదేలి ఉంటయి. మళ్లకుండనే ఎనుకకు తెడ్డేసి తప్పించుకోనీకి. ఆరుగురు మనుషులు: ఐదుగురు తెడ్లు, ఎనుక ఒకడు దిక్కు పట్టేది. ముందు తెడ్డు వేసేటోడే హార్పూన్ ఇసురుతడు. హార్పూన్ చంపనీకి కాదు, గాలం లెక్క పట్టనీకి. పట్టినంక ముందోడు ఎనుకకు, ఎనుకోడు ముందుకు ఊగే పడవల జాగలు మార్చుకుంటరు. చంపేది ఎనుక నుంచి వచ్చిన పెద్ద మనిషి, పొడుగు ఈటె తోని. జాగలు మారేటప్పుడే చానామంది నీళ్లల్ల పడేది.
తాడు తొట్టిల చుట్టలు చుట్టలుగ పెట్టి ఉంటది, రెండొందల ఫాదమ్‌ల పైన, అంటే పన్నెండొందల అడుగులు దాటి. ఎనుక ఉన్న గుంజకు ఒక చుట్టు తిప్పి, పడవ పొడుగునా మనుషుల మధ్య నుంచి ముందుకు పోతది. తిమింగలం ఉరికితే గుంజ కాడ పొగ లేస్తది, అందుకే నీళ్లు పోస్తరు. తొట్టిల చుట్ట ఒక్కటి మెలిపడితే ఆ మెలిక బయటికొచ్చేటప్పుడు చెయ్యో కాలో పట్టుకపోతది. కోయనీకి చిన్న గొడ్డలి పక్కనే ఉండాలె. నవలల ఆహాబ్ పోయేది గసొంటి తాడుకే.

రెండో_రీలు
ఓడ ముచ్చట గూడ ఎవరన్న చెప్పుండ్రి.

అక్షరాల_అక్క
పాత మూడు కొయ్యల స్కూనర్, 1887లో కట్టింది. 1950 నాటి ట్రెజర్ ఐలాండ్ సినిమాలో హిస్పానియోలాగా వేసింది కూడా అదే. దానికే వేషం మార్చి ఆహాబ్ ఓడ పీకాడ్ చేశారు. రేవు సీన్లు ఐర్లండులో యోల్ అనే ఊళ్లో, 1954లో. సినిమాలో అది అమెరికాలోని న్యూ బెడ్‌ఫోర్డ్.

జమ్మికుంట_జోకర్
ఓడకు డబుల్ యాక్షన్, తిమింగలానికి డన్‌లప్, చచ్చినోనికి క్లయిమాక్స్. మంచిగనే పంచిండ్రు పని.

కార్బన్_ఆర్క్
టీవీ సెట్టింగులు, ఇది మర్చిపోతే పైన చెప్పిందంతా వేస్టు. పిక్చర్ మోడ్ సినిమా లేదా ఫిల్మ్‌మేకర్. మోషన్ స్మూతింగు (కదలికను నున్నగ చేసేది), దానికి ఏ పేరు పెట్టినా సరే, బంద్ చెయ్యి. అది ఉంటే రబ్బరు తిమింగలం రబ్బరు లెక్కనే కనబడ్తది. రంగు ముట్టుకోకు. వెలుతురు ఎక్కువనిపిస్తే బ్యాక్‌లైటు తగ్గించు, బ్రైట్‌నెస్ కాదు. బ్రైట్‌నెస్ తగ్గిస్తే నీడలల్ల ఉన్న మొహాలు మింగుతది. బొమ్మ కొలత 1.66, కాబట్టి రెండు పక్కల సన్నటి నల్ల పట్టీలు వస్తయి, 43 అంగుళాల టీవీల ఒక్కో పక్క మూడు సెంటీమీటర్లు. వాటిని పోగొట్టాలని జూమ్ నొక్కినవ్ అనుకో, కొయ్య మీద కూసున్న కాపలాదారు తలకాయ తెగిపోతది.
ఇంటర్వెల్ కావాలంటే బూమర్ అనే ఇంకో ఓడ కెప్టెన్ వచ్చి తెల్ల తిమింగలం జాడ చెప్పినంక, ఆహాబ్ నడుస్తున్న వేటను ఇడిచిపెట్టమన్న కాడ ఆపు. బిడ్డ తింటున్నంతసేపు ఏమైతదో అని అడుగుతనే ఉంటది. గాలి లేని ముక్క మధ్యల మటుకు ఆపకు, మళ్ల ఆ బరువు ఎక్కదు.

సౌండు_పెట్టె
టీవీ స్పీకర్లు గోడ దిక్కు తిరిగి ఉంటయి, దంతం కాలు సప్పుడు సగం పోతది. చిన్న స్పీకర్ అయినా సరే బయటిది పెట్టు, టీవీ కింద, సోఫా ఎత్తుకు. సినిమా సౌండు మోనో, అంటే ఒకటే ట్రాకు, రెండు పెట్టనక్కర లేదు. డైలాగ్ పెంచే మోడ్ బంద్ చెయ్యి. అది అల సప్పుడును నొక్కేస్తది.

భద్రకాళి_కట్ట
బూడిద కాపీ, 115 నిమిషాలు, మోషన్ బంద్, ఒక స్పీకర్, వేట సంగతి ముందు, రబ్బరు సంగతి తర్వాత, బూమర్ కాడ ఇంటర్వెల్. రాసుకున్న. ఎలైజా జోస్యం కాడ మటుకు "జాగ్రత్తగ విను" అని చెప్పాల్నా వద్దా?

అక్షరాల_అక్క
చెప్పకండి. దగ్గితే కూడా ఒప్పుకోను.

జమ్మికుంట_జోకర్
అయిపోయినంక "పండుకుందాం రా" అని చెయ్యి ఊపకు అన్నా, నోటి తోనే పిలువు.